తొండకు వెలుగే ఇల్లు

బల్లులను, తొండలను ముచ్చటకై పెంచుట తెలుగునాట పూర్వము లేని వేడుక. చిలుకను పంజరమున నుంచినవారు కలరు. పావురములకు గూళ్ళు కట్టించినవారును కలరు. బల్లిని మాత్రము ఎవ్వరును పెంచలేదు. అది పిలువకయే వచ్చి గోడపై కాపురముండినది. మీద పడినప్పుడు పంచాంగము తీసి గౌళిపతన ఫలము చూచుకొనుటతో గృహస్థునకును దానికిని గల సంబంధము ముగిసినది. ఇప్పుడు కాలము మారినది. పెద్ద నగరములలో పెంపుడు జంతువుల నమ్ము అంగళ్ళయందు గాజుపెట్టెలు వెలసినవి. వానిలో ఇసుక, రాళ్ళు, విద్యుద్దీపము, నడుమ నొక దేశాంతరపు బల్లి. ఆ బొమ్మలు ఫోను తెరలమీదుగా కొండలెక్కి పెదబయలు వంటి ఊళ్ళ పిల్లలకును చేరుచున్నవి. చూచిన పిల్లవానికి తానును ఒకదానిని పెంచవలెనని కోరిక పుట్టుట సహజము. ఆ కోరిక చెడ్డది కాదు. కాని దానికి ఉపాధ్యాయుడు చెప్పు సమాధానముపై ఒక చిన్న ప్రాణి బ్రతుకును, ఒక పిల్లవాని బుద్ధియు ఆధారపడియున్నవి.

పెదబయలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరునకు ఆవల, తూర్పు కనుమల నడుమ నున్న మండల కేంద్రము. మత్స్యగెడ్డ పారు పల్లములు, చోడిచేలు, వలిసెచేలు, సిల్వరు ఓకు చెట్ల నీడను కాఫీతోటలు, ఆ చెట్లకు ప్రాకిన మిరియపు తీగెలు అక్కడి పరిసరము. నగరపు పిల్లవాడు సొమ్ము పెట్టి కొని గాజు వెనుక చూచుకొను వింతను ఇక్కడి పిల్లవాడు బడికి పోవు త్రోవలో కంచెమీద ఉచితముగ చూచుచున్నాడు. అందుచేత గూటి యెన్నిక యను ప్రశ్న నగరమున నొకరీతిగను, ఇక్కడ వేరొకరీతిగను ఉదయించును. అక్కడ అంగడిలోని పెట్టెలలో ఏది మేలని అడుగుదురు. ఇక్కడ ఆరవ తరగతి పిల్లవాడొకడు కంచెమీది తొండను పట్టి, సీసాలో వేసి తెచ్చి, “మాస్టారూ! దీన్ని ఎందులో పెట్టి పెంచాలండి?” అని అడిగినాడనుకొనుడు. అప్పు డేమి చెప్పవలెను?

సులువుగ తోచు సమాధానములు రెండు. “ఛీ, అవతల పారవేయి” అనుట ఒకటి. మిఠాయి డబ్బా నొకదానిని తెప్పించి, మేకుతో మూతకు నాలుగు కంతలు పొడిచి, తరగతి మూలను పెట్టించుట రెండవది. మొదటిది పిల్లవాని కుతూహలమును చంపును. రెండవది తొండను చంపును. మూడవ మార్గ మొకటి కలదు. “పెట్టె సంగతి తరువాత చూతువు గాని, ఇది ఎక్కడ నుండెను? అప్పుడు పొద్దెంత యైనది? కొమ్మమీదనా, నేలమీదనా? ఏమి చేయుచుండెను?” అని ఎదురడుగుటయే ఆ మార్గము. గూటి యెన్నిక ఈ ప్రశ్నలతో ప్రారంభము కావలెను. ప్రాణి నెరుగక పెట్టె నెన్నుకొనుట రోగము నెరుగక మందు గొనుట వంటిది.

“తొండ ముదిరి ఊసరవెల్లి యైనట్లు” అని సామెత. అది మనుష్యుల గుణమును గూర్చి చెప్పినది గాని జంతుశాస్త్రమును గూర్చి చెప్పినది కాదు. తొండ ఎంత ముదిరినను తొండయే. ఊసరవెల్లి గ్రుడ్డునుండి వెలువడిన నాటినుండియు ఊసరవెల్లియే. రెండిటి బ్రతుకులు వేరు. పెదబయలు పరిసరములలో పిల్లల కంటబడు చిన్న జీవులలో నాలుగింటిని తీసికొని విచారించినచో గూటిని గూర్చిన సత్యమంతయు తేటపడును.

ఇంటి బల్లి రాత్రివేళ తిరుగు ప్రాణి. పగలు చూరులోనో, పటము వెనుకనో ఇరుకుచోట దాగి, దీపము పెట్టిన వెనుక పురుగులకై బయలుదేరును. దాని వ్రేళ్ళ అడుగున మడతలును, మడతలపై కంటికి కానరాని అసంఖ్యాకములైన సన్నని రోమముల వంటి మొలకలును కలవు. ఆ మొలకల కొనలకును గోడకును నడుమ అణువులు పరస్పరము ఆకర్షించుకొనుట చేతనే అది నున్నని గాజుపై సైతము ప్రాకగలదని శాస్త్రజ్ఞులు 2002లో ప్రయోగపూర్వకముగ చూపిరి. ఇట్టి ప్రాణికి మూతలేని పెట్టె పెట్టెయే కాదు. మూత సందు కొంచెము వదులైనను అది యుండదు. దానికి కావలసినది నేల వైశాల్యము కాదు. నిలువు గోడలు, చెట్టు బెరడులు, వాని వెనుక ఇరుకు.

తొండ పగటి ప్రాణి. ప్రొద్దెక్కగానే కంచె కొననెక్కి ఎండ కాగును. తోకతో కలిపి అడుగునకు పైబడి పెరుగును. అందులో అధికభాగము తోకయే. మగతొండ తన కంచెను తన రాజ్యముగ భావించి, మరియొక మగతొండ వచ్చినచో తల యెగురవైచుచు బెదిరించును. సంతాన ఋతువున దాని తలయు మెడయు ఎఱ్ఱబారును. ఆ యెఱుపును చూచియే అది దూరమునుండి మనుష్యుల రక్తము పీల్చునని అపోహ పుట్టినది. రెండు మగతొండల నొక పెట్టెలో నుంచుట రెండు కోళ్ళను పందెమునకు విడుచుట వంటిదే. భేద మొకటే: ఓడినదానికి పారిపోవుటకు చోటుండదు.

నలికండ్లపాము పేరున పామైనను జాతిని బల్లి వంటిదే. దానికి కాళ్ళు కలవు, విషము లేదు. ఎండుటాకుల క్రింద, వదులుమట్టిలో, రాళ్ళ నడుమ జీవించును. దానికి ఎత్తయిన పెట్టె వ్యర్థము. తగ్గుగా, వెడల్పుగా, అడుగున లోతైన మెత్తని మట్టియు, ఒక మూల తేమయు గల చోటు కావలెను.

ఊసరవెల్లి చెట్టుకొమ్మలకే పుట్టినది. దాని వ్రేళ్ళు పట్టకారువలె రెండు జట్లుగ చీలియుండును. సన్నకొమ్మను పట్టుటకే అవి తగియున్నవి. కన్నులు రెండును వేరువేరు దిక్కులకు తిరుగును. గిన్నెలోని నిలువనీటిని అది సాధారణముగ త్రాగదు. ఆకులపై నిలిచిన చినుకులను నాలుకతో అందుకొనును. గాలి యాడని గాజుపెట్టెలో అది రోగమున బడును. దానికి నాలుగు ప్రక్కలను సన్నని వలయు, లోపల గుబురైన కొమ్మలును, ఎత్తును కావలెను. ఏ రంగుపై కూర్చున్నచో ఆ రంగుగ మారుననుట కూడ అతిశయోక్తియే. వేడి, వెలుతురు, భయము, కోపము వీనినిబట్టి దాని రంగు మారును. చర్మకణములలోని అతి సూక్ష్మములైన స్ఫటికముల నడిమి దూరము మారుటయే కొన్ని ఊసరవెల్లుల రంగు మార్పునకు ప్రధాన కారణమని 2015లో జెనీవా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

నాలుగు ప్రాణులు, నాలుగు ఇండ్లు. నాలుగును అరచేతిలో నిముడునవే. నాలుగింటిని “చిన్నబల్లులు” అని యొకే పేరున పిలువవచ్చును. కాని చిన్నప్రాణికి చిన్నపెట్టె చాలుననుట మొదటి పొరపాటు. అన్నింటికి నొకే పెట్టె చాలుననుట రెండవది.

పెట్టె పొడవును నిర్ణయించునది ప్రాణి పొడవు కాదు, వేడి. బల్లులు శీతరక్త జంతువులని పాఠ్యపుస్తకములలో వ్రాయుట వాడుక. ఆ మాట పిల్లలను తప్పుదారి పట్టించును. నడియెండలో కూర్చున్న తొండ రక్తము చల్లగా నుండదు. మనుష్యుని దేహము తన వేడిని తానే పుట్టించుకొనును. తొండ తన వేడిని సూర్యునివద్దను, రాతివద్దను అరువు తెచ్చుకొనును. చాలినంత రాగానే నీడకు జరుగును. చల్లబడగానే మరల ఎండకు వచ్చును. రోజెల్ల అది చేయు పని ఇదియే. తిన్నది అరుగుటకును, పరుగెత్తుటకును, రోగమును తట్టుకొనుటకును ఆ వేడియే ఆధారము. అందుచేత బల్లిగూటికి ఒక కొన వెచ్చగను, మరియొక కొన చల్లగను ఉండవలెను. ప్రపంచమున పెక్కు దేశములలో పెంచుచున్న చిరుతబల్లికి వెచ్చని చోట సుమారు 32 డిగ్రీలును, చల్లని చోట సుమారు 25 డిగ్రీలును ఉండవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఈ భేదము నిలుచుటకు పెట్టె మూడడుగుల పొడవైన నుండవలెను. సీసాలో, డబ్బాలో రెండు కొనలకును నొకే వేడి. అందులోని ప్రాణి తన బ్రతుకుతెరువైన అటునిటు జరుగుటను కోల్పోవును. అది ఊరక కూర్చున్నదని, సాధువైనదని పిల్లలు సంతోషింతురు. అది సాధుత్వము కాదు, నిస్సహాయత.

ఎండ కావలెను గదా యని గాజుసీసాను కిటికీలో నుంచుట మరియొక ప్రమాదము. గాజు ఎండను లోనికి రానిచ్చి వేడిని పోనీయదు. కొలది నిమిషములలో ఆ సీసా పొయ్యి యగును. లోపలి ప్రాణికి పారిపోవుటకు నీడ లేదు. ఇక శీతకాలమున పెదబయలు ప్రాంతపు రాత్రులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పడుట కలదు. అప్పుడు కంచెలోని తొండ వేరుల నడిమి బొరియలోనికో, రాతి పగులులోనికో చొచ్చి చలి తప్పించుకొనును. రేకుడబ్బాకు బొరియ లేదు. విద్యుద్దీపముతో వెచ్చజేయవచ్చునన్నచో గాలివానకు విద్యుత్తు నిలిచిపోవు కొండప్రాంతమున ఆ దీపముపై ఒక ప్రాణమును వ్రేలాడదీయుట వివేకము కాదు.

వేడి తరువాత వెలుగు. పగటి బల్లులకు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు దేహమున డి విటమినును పుట్టించును. అది లేనిదే తిన్న కాల్షియము ఎముకలకు చేరదు. ఎముకలు మెత్తబడి, దవడ వంకరపోయి, కాళ్ళు వంగి ప్రాణి నెలల తరబడి కృశించి చచ్చును. సాధారణమైన గాజు ఈ పని చేయు కిరణములను దాదాపు పూర్తిగ అడ్డగించును. పగటివెలుతురు నిండియున్నట్లు కనబడు గాజుపెట్టెలో తొండ ఈ విధముగ చీకటిలోనే యుండును.

గాజుపెట్టె పుట్టుకయే బల్లికొరకు కాదు. 1829 ప్రాంతమున లండను వైద్యుడు నథానియల్ వార్డు ఒక సీసాలో తడిమట్టియు, చిమ్మటపురుగు గూడును పెట్టి మూతవేసి యుంచగా, పురుగు సంగతి యెట్లున్నను, ఆ మట్టిలో ఒక పర్ణాంగపు మొక్క మొలచి ఏండ్లతరబడి జీవించినది. సీసాలోని తేమ బయటికి పోక మరల మట్టికే చేరుటయే దానికి కారణము. 1842లో ఆయన దీనిపై గ్రంథము వెలువరించెను. అటుపిమ్మట అట్టి పెట్టెలలోనే తేయాకు మొక్కలు చైనానుండి ఓడలపై భారతదేశమునకు చేరినవి. మొక్కకు మేలుచేసిన మూత బల్లికి మేలుచేయునని యెట్లు చెప్పగలము? మొక్క కదలదు, బల్లి కదలక బ్రతుకదు.

ఈ సంగతి నెరిగి బల్లులకు ఇల్లు కట్టిన మహిళ యొకతె కలదు. జోన్ ప్రాక్టరు 1897లో లండనున జన్మించెను. చిన్ననాటినుండియు ఆమెకు బల్లులు, పాములు చెలికాండ్రు; ఆమె ముచ్చటపడి పెంచుకొన్నదొక గోడబల్లి. అనారోగ్యముచేత విశ్వవిద్యాలయమునకు పోలేక, బ్రిటిష్ మ్యూజియములో బూలెంజరు నొద్ద పని నేర్చెను. భారతదేశపు సరీసృపములపై 1890లో ప్రామాణిక గ్రంథము వ్రాసిన బూలెంజరే ఆయన. 1923లో ఆమె లండను జంతుప్రదర్శనశాలలో సరీసృపముల విభాగమునకు అధికారిణి యయ్యెను. 1849లోనే ప్రపంచమున మొదటి సరీసృపశాలను నెలకొల్పిన సంస్థ అది. ఆమె రూపకల్పనలో 1927లో అక్కడ క్రొత్త సరీసృపశాల వెలసెను. అందులో గదులన్నిటికి నొకే వేడి గాక, ఏ ప్రాణికి ఎక్కడ ఎంత కావలెనో అక్కడ అంత వేడి అందునట్లును, అతినీలలోహిత కిరణములను రానిచ్చు ప్రత్యేకపు గాజు పైన నుండునట్లును ఏర్పాటు చేసిరి. ఆమె 1931లో, ముప్పదినాలుగేండ్లకే మరణించెను. ఆమె జీవితమున పిల్లలకును, ఉపాధ్యాయులకును పాఠ మొకటి కలదు. బల్లిపై ప్రేమ ఆమెకు బాల్యముననే కలదు. కాని ఆ ప్రేమ బల్లికి ఉపకరించుటకు ఇరువది యేండ్ల చదువు కావలసివచ్చెను.

వేడి, వెలుగు సమకూరినను పని ముగియలేదు. దాగుటకు చోటు వెచ్చని కొనను ఒకటి, చల్లని కొనను ఒకటి ఉండవలెను. ఒకే చోటున్నచో భయపడిన ప్రాణి వేడిని కోరునో, దాపును కోరునో తేల్చుకొనవలసివచ్చును. అడుగున సన్నని యిసుక పోసినచో పురుగుతోబాటు ఇసుకను మ్రింగి ప్రేగు మూసికొనిపోవుట కలదు. ఆహారము ప్రాణముతో నున్న పురుగులే కావలెను. అవి ప్రతిదినము దొరకవలెను. ఇక్కడ ఆశ్రమ పాఠశాలల ఉపాధ్యాయులు విచారింపవలసిన మాట యొకటి కలదు. దసరాకును, సంక్రాంతికిని, వేసవికిని బడి మూయుదురు. పిల్లలు తమ గూడెములకు పోవుదురు. పెట్టెలోని ప్రాణికి సెలవులలో పురుగు పెట్టువా రెవరు? బల్లుల మలమున సాల్మొనెల్లా యను రోగక్రిమి యుండుట కలదు గనుక, ముట్టినవారు సబ్బుతో చేతులు కడుగుకొనకున్నచో విరేచనములు, జ్వరము తగులవచ్చును. అనేకమంది పిల్లలు కలిసి భుజించు వసతిగృహమున ఇది చిన్న విషయము కాదు.

ఈ నియమములన్నిటిని పెట్టెలోనే నెరవేర్పగల బల్లులు లేకపోలేదు. చిరుతబల్లి తరతరములుగా మనుష్యుల యిండ్లలోనే పుట్టి పెరుగుచున్నది. దాని వ్రేళ్ళకు అంటుకొను మడతలు లేవు గనుక గాజుపై ప్రాకదు. ఇంటిబల్లికి లేని కనురెప్పలు దానికి కలవు. సంజవేళ తిరుగునది గనుక ఎండ తీవ్రత దానికంత అవసరము లేదు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, గాలి యాడు మూత, వేడిని అదుపులో నుంచు యంత్రము, దాగుటకు మూడు చోట్లు, ఒక్కొక్కదానికి విడి గూడు, ఇవి యున్నచో అది పదిహేనేండ్లు దాటి బ్రతుకుట కలదు. కాని అది అంగడిలో కనబడినంతమాత్రమున కొనదగినది కాదు. ఎక్కడ పుట్టినదో, పత్రము లున్నవో లేవో తెలియని ప్రాణిని కొనుట అడవినుండి దొంగిలించువానికి కూలి యిచ్చుటయే.

చట్టమును ఇదియే చెప్పుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున వేట యను మాటకు చంపుట మాత్రమే కాదు, పట్టుటయు, ఉచ్చు పన్నుటయు అర్థము. ఉడుము ఆ చట్టపు మొదటి షెడ్యూలులో నున్నది. ఊసరవెల్లికిని ఆ చట్టమున రక్షణ కలదు. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. దానిచే అంతర్జాతీయ ఒడంబడిక పట్టికలలోని విదేశీ ప్రాణులను ఇండ్లలో నుంచుకొన్నవారు కూడ ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలసి యున్నది. ఉడుము పిల్లను “చిన్నబల్లి” యని పెట్టెలో పెట్టిన అమాయకుడును ఈ చట్టము దృష్టిలో నేరస్థుడే. తెలియక చేయు పిల్లవానికి తెలిపి కాపాడవలసిన బాధ్యత ఉపాధ్యాయునిది.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. పుస్తకమున చదివినదానికంటె కంటితో చూచినది నిలుచును, చేతితో ముట్టినది మరింత నిలుచునని విద్యావేత్తలు చెప్పుదురు. తరగతిలో ఒక బల్లిపెట్టె యున్నచో పిల్లల భయము పోవును. భయము పోయినచో కనబడిన ప్రతి బల్లిని రాతితో కొట్టి చంపు అలవాటు పోవును. కావున ఒకటి పెట్టెలో బాధపడినను వంద బయట బ్రతుకునని వాదింతురు. ఈ వాదమున సత్యము కొంత కలదు. తూర్పు కనుమలలో చిరుతబల్లికి చుట్టమైన మచ్చలబల్లి యొకటి కలదు. 1827లో గ్రే యను శాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రనామము పెట్టెను. అది నిర్విషము. అయినను మహావిషమని నమ్మి జనులు దానిని చంపుట పెక్కుచోట్ల కలదు. భయము అజ్ఞానమునుండి పుట్టినది. అజ్ఞానము చూపుచేతనే పోవలెను.

అయితే పెట్టెలో పిల్లలు చూచునది ఏమి? ఎండకు, నీడకు తిరుగని తొండను. తల యెగురవేయని తొండను. వేటాడక, పెట్టినది తిను తొండను. తొండను తొండగ చేయునదంతయు తీసివేసిన పిమ్మట మిగిలిన తోలును, తోకను మాత్రమే వారు చూతురు. బల్లిపెట్టె మంచి బోధనోపకరణము కాకపోవుటకు కారణము కరుణ మాత్రమే కాదు. అది తప్పు పాఠము నేర్పును.

మరి ఆ పిల్లవాని కోరిక తీరు మార్గ మేది? గోడలు లేని గూటిని బడిలోనే కట్టుట. ఆవరణలో తరగతి గదులకు దూరముగ, ఉదయపుటెండ తగులు మూలను, చేతికి దొరకిన రాళ్ళను బొటనవ్రేలు దూరు సందులుంచి నడుమెత్తు కుప్పగ పేర్చవలెను. దాని వెనుక వావిలి, అడ్డసరము వంటి మొక్కలతో కంచె పెంచవలెను. రాలిన ఆకులను ఊడ్చి తగులబెట్టుట మాని ఆ మూలకు చేర్చవలెను. ఒక పల్లపు రాతిలో నీరు పోయవలెను. రాళ్ళ సందులకు పాములును రావచ్చును గనుక, పదడుగుల దూరమున గీత గీసి దానిని దాటరాదని, సందులలో చేయి పెట్టరాదని కట్టడి చేయవలెను. ఎండకును నీడకును జరుగుటకు చోటున్నది, బొరియలున్నవి, కిరణముల నడ్డగించు గాజు లేదు, సెలవులలో పురుగులు వానియంతట అవే వచ్చును. పైన చెప్పిన నియమములన్నియు ఒక్క రూపాయి ఖర్చులేక నెరవేరినవి. ఆ గూటికి తలుపు లేదు; నచ్చినచో ప్రాణులు తామే వచ్చును.

ఆ రాతికుప్ప ముందు కూర్చుండి పిల్లలు నేర్వదగిన శాస్త్రము కొల్లలు. ఉష్ణమాపకముతో ఉదయము ఏడు గంటలకు, పది గంటలకు, మధ్యాహ్నమున రాతి వేడిని కొలిచి, ఆయా వేళల తొండ ఎక్కడ నున్నదో వ్రాయవలెను. నెల తిరుగునప్పటికి దేహపు వేడిని గూర్చిన పాఠము వారి పుస్తకముననే తయారగును. వసతిగృహపు దీపమువద్ద రాత్రి ఎన్ని బల్లులు చేరినవో, వానకాలమున ఎన్ని, శీతకాలమున ఎన్ని, లెక్కింపవచ్చును. తోక తెగిన బల్లిని గుర్తుపెట్టుకొని క్రొత్తతోక ఎన్నివారములకు పెరిగెనో చూడవచ్చును. కువి, ఆదివాసీ ఒడియా మాటలాడు ఇండ్లనుండి వచ్చిన పిల్లలు ఒక్కొక్క బల్లికి తమ యింట ఏమి పేరున్నదో అవ్వ తాతల నడిగి తెచ్చి తెలుగు పేరు ప్రక్కన వ్రాయవలెను. పాఠ్యపుస్తకమున లేని జ్ఞానము తమ యింట నున్నదని తెలిసిన పిల్లవాడు బడియందు తలయెత్తుకొని కూర్చుండును.

ఈ చూపు పిల్లకాయల ఆటతో ముగియునది కాదు. మద్రాసు అటవీశాఖలో పనిచేసిన బెడ్డోం అను అధికారి విశాఖమండలపు కొండలలో పాము వంటి రూపము గల ఒక నలికండ్లజాతి ప్రాణిని కనుగొని 1870లో లోకమునకు తెలిపెను. దానికి సెప్సోఫిస్ అని పేరు. పిమ్మట శతాబ్దమునకు పైగా అది శాస్త్రజ్ఞుల కంటబడలేదు. తూర్పు కనుమలలో అది మరల దొరకినదని 2013లో ప్రకటించిరి. ఇన్నేండ్లును అది ఎక్కడికిని పోలేదు. మట్టిలో, ఆకులక్రింద నుండెను. కనబడిన చోట పామనుకొని ఎవరైన కొట్టిచంపియు నుండవచ్చును. ఆకులను తగులబెట్టని బడిలో, నేలను చూచి వ్రాయనేర్చిన పిల్లవాడు రేపు అట్టిదానిని గుర్తింపగలడు. డబ్బాకు కంతలు పొడుచుట మాత్రమే నేర్చినవాడు గుర్తింపలేడు.

“తొండకు వెలుగు సాక్షి, వెలుగుకు తొండ సాక్షి” అని మరియొక సామెత తెలుగున కలదు. ఇచ్చట వెలుగనగా ముండ్లకంచె. దొంగకు దొంగ సాక్షియని నిందగ వాడు సామెత అది. కాని నిందను ప్రక్కకు పెట్టి చూచినచో, తొండను కంచెనుండి విడదీసి చెప్పలేమన్న పల్లెటూరి పరిశీలన అందులో దాగియున్నది. వెలుగను మాటకు కాంతియను అర్థమును కలదు. ఆ రెండర్థముల వెలుగును తొండకు కావలెను. రెండింటిని సమకూర్పగలవారు పెట్టె నెన్నుకొనవచ్చును. సమకూర్పలేనివారికి పెదబయలు కొండలు ఏనాడో ఎన్నిక చేసిపెట్టినవి.